రెండో కామా తరువాత

నంద్యాల,
6 మార్చి 1988, ఆదివారం.

అత్తకు ప్రసన్న వందనాలు.

నా ఒళ్లు బాగుంది. అన్నం వేళకే తింటున్నాను. నువ్వు అడగబోయేవి ఈ రెండే కాబట్టి ముందే చెప్పేశాను. నీ మోకాలి సంగతి నువ్వెట్లాగూ రాయవు, కాబట్టి అడగడం మానేశాను.

మా విత్తనాల కంపెనీలో కంప్యూటరు పెట్టారని పోయినసారి రాశాను కదా. దానికొక గది, గదికొక చల్లటి మిషను, గడప బయట మా అందరి చెప్పులు. లోపలికి పోయేటప్పుడు చర్చిలోకి పోయినట్టే ఉంటుంది. టైపు మిషను కొట్టుకునే నన్ను నెల రోజులు హైదరాబాదు పంపి నేర్పించారు. అందులో లోటస్ అనే ప్రోగ్రాం ఉంది. తెర మీద గళ్లు గళ్లుగా ఉంటుంది, మన హాస్టలు వంటగది కిటికీ జాలీ మాదిరి. ఒక్కో గడిలో ఒక్కో అంకె వేసుకోవచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. మీ హాస్టలు కమిటీ సెక్రటరీ అబ్రహాము గారికి మా మేనేజరు స్నేహితుడు. మొన్న సెక్రటరీ గారు మా ఆఫీసుకు వచ్చి, మిషను అచ్చు కొట్టిన కాగితం చూసి తెగ ముచ్చటపడ్డాడు. "జూన్ ఆకరుకు దేవమ్మ రిటైరైపోతాంది. ఏ పాపకు సీటియ్యాల్నో అంతా ఆయమ్మ తలకాయలోనే ఉండాది. కొత్త వార్డెను విజయమ్మకు అదంతా యాడ తెలుస్తాది? దీంట్లోకి ఎక్కిచ్చమ్మా" అన్నాడు. ఆదివారం మధ్యాహ్నాలు కంప్యూటరు వాడుకోమని మేనేజరు ఒప్పుకున్నాడు. నీ మేనకోడల్ని, నీ దగ్గర పెరిగిన దాన్ని, నీ తలకాయను పెట్టెలోకి ఎక్కించే పని నాకు కాక ఇంకెవరికిస్తారు?

పద్ధతి చెబుతాను, విను. ఒక గడిలో ఇఫ్ అని రాసి బ్రాకెట్టు తెరవాలి. లోపల మూడు ముక్కలు, మధ్యలో రెండు కామాలు. మొదటి ముక్క షరతు. రెండోది, ఆ షరతు నిజమైతే ఏం చేయాలో. మూడోది, నిజం కాకుంటే ఏం చేయాలో. నువ్వు శనివారం పొద్దున మాకు చెప్పేదానివే, వక్కిలేరు పారుతూ ఉంటే తలంట్లు ఏట్లో, లేకుంటే బావి దగ్గర అని. అదే ఇది. కుంకుడు నురగ కళ్లలో పడి మేమందరం ఏడుస్తూ ఉంటే నువ్వు నవ్వేదానివి, అది కూడా గుర్తొచ్చింది.

కాబట్టి నీ షరతులు రాయి. మూడు ముక్కలూ రాయాలి, మరిచిపోకు.

ప్రసన్న


ఆళ్లగడ్డ,
14 మార్చి 88.

ప్రసన్నను దీవించి అత్త దేవమ్మ రాసేది.

ఉత్తరం చేరింది. నా తలకాయ పెట్టెలో పట్టేంతదే అని నువ్వు కూడా తేల్చేశావన్నమాట. మంచిది. పోయేముందు ఎవరో ఒకరు దాన్ని సర్దిపెట్టాలి కదా.

అబ్రహాము గారు నా ఎదురుగా ఈ మాట అనలేదు. మొన్న హాస్టలుకు వచ్చి రెండు గ్లాసుల మజ్జిగ తాగి, మా బియ్యంలో రాళ్లున్నాయని చెప్పి పోయాడు. రాళ్లు ఉన్నాయన్నది నిజమే. వాటిని ఏరేది ఎవరో ఆయనకు తెలియదు.

రాసుకో. మొదటిది, పిల్ల ఊరు ఐదు మైళ్లకు మించి దూరం ఉండాలి. దగ్గరి పిల్లలు నడిచి బడికి రాగలరు. దానితో పాటు, తండ్రి లేనిదై ఉండాలి, లేదా తండ్రి ఉన్నా రాబడి లేనిదై ఉండాలి. అంతే. కమిటీ రూలు ఇది. నేను వార్డెనుగా వచ్చినప్పటి నుంచి ఇదే ఉంది.

ఇక్కడ ఎండలు అప్పుడే ముదిరాయి. శిల్పుల వీధిలో పొద్దునే ఉలి చప్పుడు మొదలవుతుంది, నీకు గుర్తుందా, దాన్ని విని నువ్వు ఎవరో పొద్దున్నే వక్కలు దంచుతున్నారనుకునేదానివి. ఇప్పటి పిల్లలు ఆ చప్పుడుకు లేవరు. గంట కొట్టినా లేవరు. నేను పోయి దుప్పటి లాగితేనే లేస్తారు. విజయమ్మకు ఆ పని కూడా పెట్టెలో ఎక్కించి ఇవ్వు.

దేవమ్మ


నంద్యాల,
27 మార్చి 1988, మట్టల ఆదివారం.

అత్తకు,

పొద్దున ఈత మట్టలు పట్టుకుని ఊరేగింపులో నడిచాను. ఇక్కడి పిల్లలు మట్టలతో ఒకరినొకరు పొడుచుకుంటుంటే నాకు మన వరస గుర్తొచ్చింది. నువ్వు వెనక నడుస్తున్నావంటే ముందున్న పిల్ల మెడ కూడా తిప్పేది కాదు. అయినా ఆ రోజు అందరికీ బెల్లం పాయసం దొరికేది కాబట్టి ఎవరికీ కోపం ఉండేది కాదు. ఈ మధ్య ఏ పని చేస్తున్నా మనసు ఆళ్లగడ్డకే పోతోంది.

మధ్యాహ్నం నీ షరతులతో కూర్చున్నాను. రెండు షరతులూ ఒకేసారి నిజం కావాలంటే మధ్యలో యాండ్ అని పెట్టాలి. ఏదో ఒకటి చాలంటే ఆర్ అని పెట్టాలి. నేను తొందరలో తండ్రి లేకపోవడానికీ, ఉండీ రాబడి లేకపోవడానికీ మధ్య కూడా యాండ్ పెట్టేశాను. తండ్రి చనిపోయి ఉండాలి, బతికి ఉండి సంపాదించకుండా కూడా ఉండాలి అని అడిగినట్టయింది. మాదిరికి వేసుకున్న పేర్లలో ఒక్క పిల్లకు కూడా సీటు రాలేదు. మా మేనేజరు చూసి పగలబడి నవ్వాడు. ఇప్పుడు దిద్దాను.

రెండు సంగతులు అడగాలి. ఒకటి, తండ్రి ఉండీ తాగుబోతు అయితే ఎట్లా? మన కాలంలో అట్లాంటి పిల్లలు ఉండేవాళ్లు కదా. రెండోది, నువ్వు మూడో ముక్క రాయలేదు. షరతుకు రాని పిల్లకు ఏం చేయాలి? ఆ చోటు ఖాళీగా వదిలితే మిషను ఒప్పుకోదు, కూత పెడుతుంది.

ప్రసన్న


ఆళ్లగడ్డ,
11 ఏప్రిల్ 88.

ప్రసన్నకు అత్త దీవెనలు.

పునరుత్థాన పండుగ బాగా జరిగింది. గొర్రె మాంసం చాలలేదు. ఎప్పుడు చాలింది కనుక.

తాగుబోతు సంగతి అడిగావు. తండ్రి తాగుబోతు అయితే లేనట్టే లెక్క. కానీ అందరూ ఒకటి కాదు. మా వీధి చివరి యాకోబు తాగుతాడు, అయినా శనివారం సాయంత్రానికి ఉప్పు, పప్పు, బిడ్డకు గుప్పెడు వేరుశనగ బుడ్డలు ఇంటికి చేరతాయి. ఆయన ఉన్నట్టే లెక్క. ఇంకొకాయన చుక్క ముట్టడు, పేకాట ఆడతాడు, ఇంట్లో పొయ్యి వెలగదు. ఆయన లేనట్టే. జైల్లో ఉన్నాయన లేనట్టే. గల్ఫుకు పోయి దుడ్లు పంపేవాడు ఉన్నట్టే, పంపనివాడు లేనట్టే. దీనికి నీ పెట్టెలో ఎన్ని గళ్లు కావాలో చూసుకో.

నన్ను అడిగితే తండ్రి ఉన్నాడా లేడా అన్నది పిల్ల గోళ్లు చూస్తే తెలిసిపోతుంది. గోళ్లు చూడటం నీ పెట్టెకు వస్తుందా?

ఈ ఏటి దరఖాస్తులన్నీ కట్టగట్టి ఆర్టీసీ కండక్టరు సుబ్బరాయుడి చేతికిచ్చాను. బస్టాండులో తీసుకో. ఆయనకు టీ తాగించు. నీ చిన్నప్పుడు నువ్వు బస్సులో వాంతి చేసుకుంటే కడిగిన మనిషి, ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతాడు.

మూడో ముక్క సంగతి తర్వాత చూద్దాం. వంటగదిలో పిలుస్తున్నారు.

దేవమ్మ


నంద్యాల,
1 మే 1988, ఆదివారం.

అత్తకు,

కట్ట ముట్టింది. సుబ్బరాయుడు మామ టీ తాగి, వాంతి కథ బస్టాండులో అందరికీ వినిపించి పోయాడు.

నీ తండ్రులందరినీ ఎక్కించాను. ఒక ఇఫ్ లోపల మూడో ముక్క చోట ఇంకో ఇఫ్ పెట్టవచ్చు, దాని లోపల ఇంకొకటి. ఉల్లిపాయ మాదిరి పొరలు పొరలుగా పోతుంది. చివర బ్రాకెట్లు ఎన్ని మూయాలో లెక్క తప్పి రెండు ఆదివారాలు గొడవ పడ్డాను. 'ఉన్నా లేనట్టే' అని ఒక వరస పెట్టి, నువ్వు దరఖాస్తుల మీద పెన్సిలుతో రాసిన మాటలు చూసి ఒకటో సున్నానో వేశాను.

అన్ని పొరలూ అయిపోయాక ఆఖరి మూడో ముక్క ఇంకా ఖాళీగానే ఉంది. నువ్వు రాయలేదు. తాత్కాలికంగా 'నో' అని పెట్టాను. అబ్రహాము గారు వచ్చి, మాదిరికి చూస్తానని ఒక అచ్చు కాగితం తీసుకుపోయాడు. నువ్వు రాశాక మారుస్తానని చెప్పాను.

ఇంకొకటి చెప్పాలా వద్దా అని వారం రోజులు ఆలోచించాను. సూత్రం సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే జవాబు ముందే తెలిసిన లెక్క ఒకటి పెట్టి చూడాలని హైదరాబాదులో నేర్పారు. నాకు జవాబు తెలిసిన పిల్ల ఒకతే ఉంది. చివరి వరసలో నా పేరు కొట్టాను. ఊరు ఆళ్లగడ్డే, దూరం ఒక మైలు. తండ్రి సుందరరాజు, కాంపౌండరు, జీతం ఉంది, తాగడు. మీట నొక్కితే 'నో' అని వచ్చింది.

నేను తప్పు చేశాననుకుని కామాలన్నీ వెతికాను. తప్పేమీ లేదు. నీ షరతుల ప్రకారం నాకు సీటు రాదు. మరి నేను హాస్టల్లో పదో తరగతి దాకా ఎట్లా ఉన్నాను? మిగతా పిల్లలందరూ హాల్లో పడుకునేవాళ్లు, నేను మాత్రం నీ గదిలో. 'వార్డెనమ్మ కోడలు' అని ఏడిపించేవాళ్లు. హాల్లో పడుకుంటానని ఏడిస్తే నువ్వు ఒప్పుకోలేదు. నేను అమ్మ లేని పిల్లను కాబట్టి రూలు ప్రకారమే చేర్చుకున్నారని ఇన్నేళ్లూ అనుకున్నాను. నీ రూల్లో అమ్మ మాటే లేదు.

నాన్న బతికి ఉంటే నాన్నను అడిగేదాన్ని. నువ్వే చెప్పు. నాన్న నిన్ను బతిమాలాడా? తమ్ముడి మాట కాదనలేక పెట్టుకున్నావా?

ప్రసన్న


ఆళ్లగడ్డ,
16 మే 88. (కార్డు)

ప్రసన్నకు,

నీ పెట్టె తప్పు చెప్పలేదు. మిగతాది ఎదురుగా కూర్చుని చెప్పే మాట, కార్డు మీద రాసేది కాదు. పోస్ట్‌మ్యాన్ చదువుతాడు. సెలవు పెట్టి ఒకసారి రా. ఆ 'నో' తీసేయి.

దేవమ్మ


నంద్యాల,
5 జూన్ 1988, ఆదివారం.

అత్తకు,

సెలవు దొరకలేదు. విత్తనాల అమ్మకం రోజులు, ఆఫీసులో ఊపిరి సలపడం లేదు. నీ కార్డు చూసి నాకు కోపం కూడా వచ్చింది, దాచను. ఇంత అడిగితే నాలుగు ముక్కలు రాసి రమ్మన్నావు. చెప్పడం ఇష్టం లేక దాటేస్తున్నావని అనుకున్నాను.

ఈలోపు జరగకూడనిది జరిగింది. అబ్రహాము గారు మాదిరికని తీసుకుపోయిన కాగితమే కమిటీ ముందు పెట్టాడట. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, వాళ్లు దాన్ని చూసి 'నో' అని వచ్చిన పిల్లల ఇళ్లకు సీటు లేదని ఉత్తరాలు పోస్టు చేసేశారు. నన్ను ఒక్క మాట అడగలేదు. నేను గట్టిగా అడిగితే, "మిసను చెప్పినాంక ఇంకేందమ్మా? మనిసి చెప్తే తరపుదారీ అంటారు, మిసనుకు తరపు యాడిది?" అన్నాడు.

నిన్న సాయంత్రం నేను గదికి వచ్చేసరికి వాకిట్లో ఒకాయన, ఒక పిల్ల కూర్చుని ఉన్నారు. ఆయన పేరు జకరయ్య. ప్యాపిలి దగ్గర పల్లె. రాళ్ల లారీ నడుపుతాడు. పిల్ల దెబోరా, ఐదు పాసయింది. సెక్రటరీ గారింటికి పోతే, చేసింది ఆ టైపిస్టమ్మే, పోయి అడుగు అని పంపారట.

ఆయన అరవలేదు అత్తా. అరిచి ఉంటే బాగుండేది. ఉత్తరం మడత విప్పి నా చేతికిచ్చి అడిగాడు. "నాకు జీతముండాది. నేను తాగను. అందుకే పాపకు సీటు ల్యాదంట. రేపట్నుంచి తాగమంటావా ఏందమ్మా?"

 పాప వాళ్లమ్మ ఏమైందని అడిగాను. "రెండేండ్లాయ పోయి. నేను లారీ ఎక్కితే వారం దాంకా ఇల్లు సూడను. ఈ పాప ఒగతే ఉంటాది. పక్కింటోల్లు సూస్తారు, సూడరు. నన్ను ఒగ మాట అడిగింటే ఇదంతా చెప్పింటా గదా. కాయితంలో తల్లి ఉండాదా లేదా అని యాడా అడగల్యా" అన్నాడు.

నిజమే. నువ్వు రాయలేదు, దరఖాస్తులో లేదు, నేను అడగలేదు. అమ్మ లేకుండా పెరిగిన దాన్ని, నాకైనా తట్టలేదు. పిల్ల మాత్రం రేకు పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బడి సంచీ కూడా తెచ్చుకుంది, ఇక్కడి నుంచే ఆళ్లగడ్డ పోతామని అనుకున్నట్టుంది.

వారం ఆగమని చెప్పి పంపాను. అడ్రసు తీసుకున్నాను. బడి తెరిచే రోజులు దగ్గరపడ్డాయి. ఈ పిల్లకు ఈ ఏడు చదువు లేకుండా పోతే అది నా చేతి మీదుగా పోయినట్టే. తల్లి లేని పిల్ల అని ఒక షరతు కలపడం నాకు పెద్ద పని కాదు. కానీ నువ్వెందుకు వదిలేశావో నాకు తెలియాలి. నా సంగతి చెప్పకపోతే పోనీ. ఇదన్నా చెప్పు.

ప్రసన్న


ఆళ్లగడ్డ,
9 జూన్ 88.

ప్రసన్నను దీవించి అత్త రాసేది.

కోపం వచ్చిందని రాశావు. రావాల్సిందే. నేను మార్చిలోనే రాసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. ఎందుకు రాయలేదో చెబుతాను.

నువ్వు అడిగిన మూడో ముక్క నాకు తెలియక కాదు. రాస్తే అది అబ్రహాము గారి చేతిలో పడుతుంది. షరతుకు రాని పిల్లను తీసుకుని ఎవరన్నా వస్తే, సీటు లేదు పొండి అని నేను ఒక్కరికీ చెప్పలేదు. కూచోండి, ముందు అన్నం తినండి అనేదాన్ని. పిల్లను నాలుగు రోజులు వంటగదిలో బాలమ్మకు సాయంగా పెట్టుకునేదాన్ని. ఆ నాలుగు రోజుల్లో నేను వాళ్ల ఊరికి బస్సెక్కి పోయి ఇల్లు చూసొచ్చేదాన్ని. కొందరికి నిజంగానే అవసరం ఉండేది కాదు, వాళ్లను తిరిగి దించి వచ్చాను. అవసరం ఉన్నవాళ్లు ఉండిపోయారు. మంచం లేకపోతే చాప. చాప లేకపోతే ఇద్దరికి ఒకటి. పిండి కొద్దీ రొట్టె అంటారు, నేను రొట్టెలు కొంచెం పలచగా చేయించాను. ఇదంతా కమిటీకి తెలియదు. పోయే ముందర చెప్పి, ఆ పిల్లలను వాళ్లు వెళ్లగొట్టేట్టు చేయడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకే మాట తప్పించాను.

తల్లి మాట ఎందుకు రాయలేదని అడిగావు. అది దాచింది కాదు. నాకు తట్టనే లేదు. తల్లి లేని పిల్లను చేర్చుకోవాలా వద్దా అని నేను ఎప్పుడూ ఆలోచించలేదు. ఆలోచించినదాన్నే కదా మనిషి రాస్తాడు. ఆకలైతే తినాలని ఎవరన్నా రూలు రాసి పెట్టుకుంటారా?

ఇక నీ సంగతి. మీ అమ్మ పోయినాక మీ నాయన నిన్ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. కమిటీ కుదరదంది. ఊర్లోనే ఇల్లు, సర్కారు జీతం. వాళ్లు రూలు తప్పలేదు. మీ నాయన నన్ను బతిమాలలేదు, నోరు లేని మనిషి, సరేలే అక్కా అని తీసుకుపోయాడు. రెండు రోజులాగి నేను మీ ఇంటికి వచ్చాను. ఆయన డ్యూటీలో ఉన్నాడు. నువ్వు పీట మీద నిలబడి, నీకంటే పెద్ద తెడ్డుతో సంగటి గెలుకుతున్నావు. మోచేయి దగ్గర బొబ్బలెక్కి ఉంది. ఎప్పుడు కాలిందే అంటే మొన్న అన్నావు. నాయనకు చెప్పినావా అంటే, "నాయన బాధపడతాడని చెప్పల్యా" అన్నావు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అమ్మే లేని పిల్ల ఎవరినని అడుగుతుంది?

పొయ్యి ఆర్పి, నీ బట్టలు మూట కట్టి, నడిపించుకుని వచ్చేశాను. హాల్లో ఎందుకు పడుకోనివ్వలేదని అడిగావు. హాల్లో పడుకునేది హాస్టలు పిల్లలు. నువ్వు హాస్టలు పిల్లవు కాదు ప్రసన్నా. నా పిల్లవు. నాకొచ్చే అన్నంలోనే నీకు పెట్టాను. అప్పుడు చెబితే నీకు సీటు రాలేదన్న మాటే గుర్తుంటుందని భయపడ్డాను. పెద్దయ్యాక చెప్పాల్సిన అవసరం కనపడలేదు. కడుపున పుట్టిన బిడ్డకు నువ్వు నా బిడ్డవని ఎవరు చెబుతారు?

తల్లి షరతు కలుపుతానన్నావు, కలుపు. కానీ వచ్చే ఏడు ఇంకో పిల్ల వస్తుంది, తల్లి ఉంటుంది, మంచం మీద ఉంటుంది. దానికొక పొర కలుపుతావు. ఆ తర్వాతి ఏడు మనం ఇద్దరం ఊహించనిది ఇంకేదో వస్తుంది. ఎన్ని పొరలు కలిపినా చివర ఒక పిల్ల మిగులుతుంది. ఆ పిల్లకు 'నో' అని మాత్రం రాయకు.

దెబోరా సంగతి చదివి నాకు తిండి లోపలికి పోలేదు. మునుపైతే కళ్లు మూసుకుని తెచ్చుకునేదాన్ని. ఈ నెలాఖరుకు గది విజయమ్మకు అప్పగించాలి. ఆమె మంచిదే, కానీ కొత్త మనిషి, కాగితంలో ఏముంటే అదే చేస్తుంది. నేను కర్నూల్లో చెల్లెలింటికి పోతున్నాను. ఆ ఇంట్లో నాకిచ్చింది వరండాలో ఒక మూల. ఆ పిల్లను ఏ మూలకు తీసుకుపోను? ఉద్యోగం పోతోందని నాకు బాధ లేదు. ఈ ఒక్కదానికి బాధగా ఉంది.

దేవమ్మ


నంద్యాల,
19 జూన్ 1988, ఆదివారం.

అత్తకు,

నీ ఉత్తరం ఆఫీసులో చేరింది. కంప్యూటరు గదిలోకి పోయి తలుపేసుకుని చదివాను. చల్లటి మిషను చప్పుడులో ఎవరికీ వినపడదని అక్కడే కూర్చుని ఏడ్చాను. నాకు సీటు రాలేదన్న మాట ఇప్పుడు తెలిసి సంతోషంగా ఉంది. నీ అన్నంలో సగం తిన్నానని తెలిసి మాత్రం సిగ్గేసింది, ఎందుకంటే నేను ఎప్పుడూ ఇంకొంచెం అడిగేదాన్ని.

తల్లి షరతు కలిపాను. పోయిన ఆదివారం అబ్రహాము గారిని కూర్చోబెట్టి చూపించాను. ఆయన చెడ్డ మనిషి కాదు, జకరయ్య అడిగిన మాట చెబితే కాసేపు తల దించుకున్నాడు. కానీ అప్పటికే సీట్లు నిండిపోయాయి, చేర్చుకున్న పిల్లలను తీసేయలేం కదా అన్నాడు. అది కూడా నిజమే. ఆఖరి మూడో ముక్కలో 'నో' తీసేసి, 'ఇంటికి పోయి చూడాలి' అని ఇంగ్లీషులో పెట్టాను. "పోయి సూసేదానికి మనిసి యాడ దొరుకుతారమ్మా?" అన్నాడు. జూలై నుంచి దేవమ్మ అనే ఆమె ఖాళీగా ఉంటుందని చెప్పాను. బస్సు చార్జీలు ఇవ్వగలరేమో కమిటీని అడుగుతానన్నాడు. నీ పాత పిల్లల సంగతి నేను ఎత్తలేదు, ఎత్తను.

దెబోరాకు ఆ మాటలేవీ పనికిరావు కదా. వచ్చే ఏడు సూత్రం బాగుంటే ఈ ఏటి పిల్లకు ఏం లాభం? బుధవారం జకరయ్యకు కార్డు రాశాను, పిల్లను తీసుకురమ్మని. గురువారానికే కార్డు ముట్టిందట. శుక్రవారం పొద్దున లారీ మా వీధిలోకి తిరగలేక, రోడ్డు మీదే ఆపి, రేకు పెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చాడు. హాస్టల్లో సీటు దొరికిందనుకున్నాడు. లేదని, నా గదిలోనే ఉంటుందని, మా వీధి చివర బడిలో ఆరో తరగతిలో చేరుస్తానని చెప్పాను.  ఆయన గది అంతా ఒకసారి చూసి, కిటికీ గడియ ఊడిందని చూసి, లారీలోంచి తీగ తెచ్చి కట్టాడు. పోయేటప్పుడు, "నా చెల్లెలి కాడ ఇడిసిపెట్టినాననుకుంటా" అన్నాడు. పిల్ల తల మీద చెయ్యి పెట్టి వెనక్కి చూడకుండా పోయాడు.

పిల్ల మంచిది. నిన్ననే బడిలో చేర్చాను. పొద్దున నాకంటే ముందు లేచి వాకిలి ఊడ్చేసింది, అట్లా చేయొద్దని చెప్పాను. ఊడ్చకపోతే పంపించేస్తానని అనుకుంటోందేమో. తల నిండా పేలు ఉన్నాయి. జడ వేయబోతే నాకు చేత కాలేదు, నా జడ కాలేజీ దాకా నువ్వే వేశావు, నేనెప్పుడు నేర్చుకున్నాను కనుక. నేను ఆఫీసుకు పోయాక సాయంత్రం దాకా ఇది ఒకతే ఉండాలి. కాబట్టి ముప్పయ్యో తేదీన గది తాళాలు విజయమ్మకు ఇచ్చి, కర్నూలు బస్సు కాకుండా నంద్యాల బస్సు ఎక్కు. వరండా మూలల్లో ఉండాల్సిన అవసరం నీకేమీ లేదు. చిన్నత్తకు నేను రాస్తాను. సుబ్బరాయుడు మామకు చెప్పాను, సామాన్లు ఆయన ఎక్కిస్తాడు. రాకుంటే ఏం చేస్తానన్నది నేను కూడా రాయడం లేదు.

వచ్చిన దగ్గర నుంచి ఈ పిల్ల నన్ను ఏమీ పిలవలేదు. ఏదన్నా కావాలంటే దగ్గరికి వచ్చి నిలబడేది. నన్ను ఏమని పిలవాలో తేల్చుకోలేక పోతోందని నాకు అర్థమైంది, నేను కూడా చెప్పలేదు. ఇందాక ఈ ఉత్తరం రాస్తుంటే వెనక నుంచి "అత్తా, అన్నం పొంగతాంది" అని వినపడింది. జకరయ్య నన్ను చెల్లెలన్నాడు కదా, దాన్ని బట్టి తనే లెక్క కట్టుకుంది.  ఆ మాట ఎప్పుడూ అనేది నేను, పలికేది నువ్వు కాబట్టి, నువ్వు వచ్చావేమోనని వాకిలి వైపు చూశాను.

ప్రసన్న